రిమోట్ కార్లకు బ్యాటరీలు, ఛార్జర్లు: తక్కువ ఖర్చులో ఎంపిక

చేతిలోని ట్రాన్స్‌మిటర్ పంపే రేడియో సంకేతాలతో నడిచే చిన్న కారును రేడియో కంట్రోల్ కారు అంటారు. మన ఇళ్లలో దాని పేరు రిమోట్ కారు, అభిరుచిగా నడిపేవాళ్ల మధ్య ఆర్‌సీ కారు. కారు ఎంత వేగంగా పోతుంది, ఒక్క ఛార్జింగ్‌తో ఎంతసేపు తిరుగుతుంది అన్నవి చాలావరకు బ్యాటరీ చేతిలో ఉంటాయి. ఆ బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుందన్నది ఛార్జర్ చేతిలో ఉంటుంది. కారు ఒకసారి కొంటే, విడిభాగాలు మార్చుకుంటూ ఏళ్లపాటు నడపవచ్చు. బ్యాటరీ మాత్రం వాడకంతో అరిగిపోయే సరుకు. అందువల్ల తక్కువ డబ్బుతో ఈ అభిరుచిలోకి వచ్చేవారు కారు ధరతో పాటు ఈ రెండింటి ఖర్చునూ ముందే లెక్కవేసుకోవాలి. బ్యాటరీ మధ్యరకంది తీసుకున్నా నష్టం లేదు. ఛార్జర్ మాత్రం మంచిది కావాలి. ఈ వ్యాసంలోని వివరాలన్నీ ఆ నిర్ణయానికి దారితీసేవే.

కార్లలో రకాలు

బొమ్మల దుకాణంలో దొరికే కార్లలో సాధారణంగా గోడ గడియారంలో వేసే సైజు సెల్లు నాలుగో ఐదో కలిపి, పైన ప్లాస్టిక్ చుట్టిన 4.8 లేదా 6 వోల్టుల ప్యాక్ ఉంటుంది. కొత్తగా వస్తున్నవాటిలో 3.7 వోల్టుల లిథియం సెల్లు ఒకటో రెండో ఉంటాయి. వీటికి ఖరీదైన బ్యాటరీ వేయడం వృథా. మోటారు, ప్లాస్టిక్ గేర్లు అదనపు శక్తిని తట్టుకోలేవు. పాత ప్యాక్ పోతే అదే వోల్టేజి, అదే కనెక్టర్ ఉన్న కొత్త ప్యాక్ వేసుకుంటే చాలు.

హాబీ కార్ల సంగతి వేరు. వాటిలో మోటారు, దాని వేగాన్ని అదుపుచేసే స్పీడ్ కంట్రోలర్, ముందు చక్రాలను తిప్పే సర్వో, బ్యాటరీ అన్నీ విడివిడిగా మార్చుకోదగినవి. జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో తన తొలి రిమోట్ కారును విడుదల చేసింది. ఆ తర్వాతి దశాబ్దంలో ఆరు సెల్లను కలిపిన 7.2 వోల్టుల ప్యాక్ అసలు కారులో పదో వంతు సైజు ఉండే కార్లకు ప్రమాణంగా స్థిరపడింది. నేటికీ ఆ సైజు కార్లలో బ్యాటరీ గది కొలతలు చాలావరకు ఆ ఆరు సెల్ల ప్యాక్‌ను అనుసరించే ఉంటాయి. అమెరికాలోని టెక్సస్‌కు చెందిన ట్రాక్సస్ 2008లో తెచ్చిన స్లాష్ ట్రక్కు సాధారణ నమూనాతో ఏడు సెల్ల 8.4 వోల్టుల నికెల్ ప్యాక్ వస్తుంది. భారత్‌లో కొత్తవారు ఎక్కువగా కొనే డబ్ల్యూఎల్ టాయ్స్ 144001 వంటి పద్నాలుగో వంతు సైజు చైనా కార్లకు 7.4 వోల్టుల లిథియం ప్యాక్ వస్తుంది.

లేబుల్ మీది అంకెలు

బ్యాటరీ మీద కనిపించే మొదటి అంకె వోల్టేజి. మోటారు తిరిగే వేగం దాదాపుగా దీన్నిబట్టే ఉంటుంది. లిథియం ప్యాక్‌ల మీద 2ఎస్, 3ఎస్ అని రాసి ఉంటుంది. వరుసగా ఎన్ని సెల్లు కలిపారో ఆ అంకె చెబుతుంది. ఒక్కో సెల్లు 3.7 వోల్టుల చొప్పున 2ఎస్ అంటే 7.4, 3ఎస్ అంటే 11.1 వోల్టులు. పూర్తిగా ఛార్జి అయినప్పుడు సెల్లు 4.2 వోల్టులకు చేరుతుంది కాబట్టి 2ఎస్ ప్యాక్ 8.4, 3ఎస్ ప్యాక్ 12.6 వోల్టులు చూపిస్తాయి. కారులోని స్పీడ్ కంట్రోలర్ ఎన్ని ఎస్‌ల వరకు తట్టుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది. ఆ హద్దు దాటితే ముందు కాలిపోయేది అదే. వేగం మీద ఆశతో 2ఎస్ కారులో 3ఎస్ పెట్టేవాళ్లు ఆదా చేసిన డబ్బంతా ఒక్క సాయంత్రంలో పోగొట్టుకుంటారు.

రెండోది సామర్థ్యం, అంటే మిల్లీ ఆంపియర్ అవర్. దీన్ని ఎంఏహెచ్ అని రాస్తారు. కారు ఎంతసేపు తిరుగుతుందో చెప్పే అంకె ఇది. సగటున 15 ఆంపియర్లు తాగే కారుకు 5000 ఎంఏహెచ్ ప్యాక్ కాగితం మీద 20 నిమిషాలు వస్తుంది. లిథియం ప్యాక్‌ను అట్టడుగు దాకా వాడకూడదు కాబట్టి నిజంగా వచ్చేది 16 నిమిషాలు అనుకోవాలి. వేర్వేరు వోల్టేజిల బ్యాటరీల ధరలు పోల్చాలంటే ఎంఏహెచ్ ఒక్కటే చూస్తే మోసపోతాం. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించి వాట్ అవర్లు తీసుకోవాలి. 7.4 వోల్టుల 5000 ఎంఏహెచ్ ప్యాక్‌లో 37 వాట్ అవర్లు, 11.1 వోల్టుల 2200 ఎంఏహెచ్ ప్యాక్‌లో సుమారు 24 వాట్ అవర్లు ఉంటాయి. ధరను ఈ అంకెతో భాగిస్తే ఏది నిజంగా చౌకో తేలుతుంది.

మూడో అంకె సి. బ్యాటరీ ఎంత ధారాళంగా కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె ఇది. 5000 ఎంఏహెచ్ ప్యాక్ మీద 25సి అని ఉంటే 5 ఆంపియర్లకు 25 రెట్లు, అంటే 125 ఆంపియర్లు ఇవ్వగలదని అర్థం. కొనేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఈ అంకెను పరీక్షించి ధ్రువీకరించే విధానమేదీ లేదు, తయారీదారు ఏది రాస్తే అదే. 5000 ఎంఏహెచ్ ప్యాక్ మీద 100సి అని రాస్తే 500 ఆంపియర్లు అని చెప్పినట్టు. అదే ప్యాక్‌కు బిగించిన ఎక్స్‌టీ60 కనెక్టర్ 60 ఆంపియర్ల కోసం తయారైనది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే లేబుల్ విలువ తెలిసిపోతుంది. మామూలు బ్రష్డ్ మోటారు కారుకు పేరున్న తయారీదారు నుంచి 25సి, 30సి ప్యాక్ చాలు. 100సి ముద్ర కోసం అదనంగా డబ్బు పెట్టడం అనవసరం.

నిజం చెప్పే అంకె ఒకటుంది కానీ లేబుల్ మీద అచ్చు కాదు. అది అంతర్గత నిరోధం. కొంచెం మంచి ఛార్జర్లు దాన్ని మిల్లీ ఓముల్లో చూపిస్తాయి. 20 మిల్లీ ఓముల ప్యాక్ నుంచి 50 ఆంపియర్లు లాగితే ఒక వోల్టు లోపలే పడిపోతుంది, 50 వాట్లు వేడిగా మారతాయి. కొన్న రోజునే ఈ అంకెను రాసిపెట్టుకుని అప్పుడప్పుడూ పోల్చి చూసుకుంటే బ్యాటరీ వయసు తెలుస్తుంది. నిరోధం మొదటికంటే రెట్టింపయితే ఆ ప్యాక్ చివరి దశకు వచ్చినట్టే.

నికెల్ బ్యాటరీలు

స్వీడన్ ఇంజినీరు వాల్డెమార్ యుంగ్నర్ 1899లో నికెల్ క్యాడ్మియం బ్యాటరీని రూపొందించాడు. తొలి దశాబ్దాల బ్యాటరీ రిమోట్ కార్లు ఎక్కువగా దాంతోనే పరుగెత్తాయి. క్యాడ్మియం విషలోహం కావడంతో చేతిలో పట్టే పరికరాలలో దాని వాడకం తగ్గిపోయింది. భారీ అవసరాలలో మాత్రం ఆ రకం ఇంకా బతికే ఉంది. హైదరాబాద్‌కు చెందిన హెచ్‌బీఎల్ సంస్థ రైల్వేల వంటి చోట్లకు నికెల్ క్యాడ్మియం బ్యాటరీలు తయారుచేస్తూ వచ్చింది.

1980ల చివర మార్కెట్లోకి వచ్చిన నికెల్ మెటల్ హైడ్రైడ్ కార్లలో క్యాడ్మియం స్థానాన్ని తీసుకుంది. సెల్లుకు అదే 1.2 వోల్టులు, కానీ అదే సైజులో రెట్టింపుకు పైగా సామర్థ్యం. మొరటుగా వాడినా ఇది ఓర్చుకుంటుంది. కింద పడినా, పూర్తిగా అయిపోయేదాకా నడిపినా లిథియంలా మంటలు రేపదు. పదేళ్ల పిల్లల చేతికిచ్చే కారుకు ఇదే మంచి ఎంపిక అని నా అభిప్రాయం. లోపాలూ ఉన్నాయి. బరువెక్కువ, కారు నడుస్తున్నకొద్దీ వోల్టేజి తగ్గుతూ పోతుంది, ఊరికే పెట్టినా ఛార్జి కారిపోతుంది. మామూలు రకం నెల తిరిగేసరికి పావు వంతు దాకా పోగొట్టుకోవచ్చు.

లిథియం పాలిమర్

సోనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఆ కుటుంబంలోనిదే, లోహపు డబ్బా బదులు పల్చటి రేకు సంచిలో ఉండే లిథియం పాలిమర్. హాబీ భాషలో లైపో. 2000ల దశకంలో హాంకాంగ్‌లోని హాబీకింగ్ టర్నిజీ వంటి పేర్లతో చౌక ప్యాక్‌లు అమ్మడం మొదలుపెట్టాక, అంతవరకు పోటీలలో పాల్గొనేవారికే పరిమితమైన లైపో సామాన్యులకూ అందుబాటులోకి వచ్చింది. అదే సామర్థ్యానికి నికెల్ ప్యాక్‌కంటే తేలిక, చివరిదాకా వోల్టేజి నిలకడ, నెలల తరబడి పెట్టినా ఛార్జి పెద్దగా తగ్గదు. నేడు వాట్ అవర్ లెక్కన చూస్తే చాలా సందర్భాల్లో నికెల్ కంటే చౌక కూడా.

దీనికి రెండు హద్దులున్నాయి. సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టులకు దిగకూడదు. పైహద్దు ఛార్జర్ చూసుకుంటుంది. కింది హద్దు చూసుకోవలసింది కారులోని స్పీడ్ కంట్రోలర్. లైపోకు సిద్ధమైన కంట్రోలర్లలో వోల్టేజి తగ్గగానే మోటారును ఆపే ఏర్పాటు ఉంటుంది. హాబీవింగ్ క్విక్‌రన్ 1060 వంటి చవక కంట్రోలర్లలో దీన్ని ఒక చిన్న జంపర్‌తో మార్చుకోవాలి. ఒక వైపు పెడితే లైపో, మరో వైపు పెడితే నికెల్. నికెల్ వైపు ఉంచి లైపో ప్యాక్ నడిపితే హద్దు దాటిపోయిన తర్వాత కూడా కారు తిరుగుతూనే ఉంటుంది. తర్వాత ఆ ప్యాక్ ఇక ఛార్జింగ్‌కు పనికిరాదు. పాత కార్లలో ఈ ఏర్పాటే ఉండదు. అలాంటి కారులో లైపో పెట్టాలనుకుంటే, ప్యాక్‌లోని ఒక్కో సెల్లుకు విడిగా కలిసి ఉండే బ్యాలెన్స్ తీగకు తగిలించే చిన్న అలారం కొనాలి. 3.5 వోల్టుల దగ్గర కూత పెట్టేలా అమర్చుకుంటే సరిపోతుంది. ఆట అయ్యాక దాన్ని తీసేయాలి. లేకపోతే అదే బ్యాటరీని మెల్లగా తాగేస్తుంది.

కారుకు గట్టి పెట్టెలో ఉన్న ప్యాక్, అంటే హార్డ్ కేస్, తీసుకోవాలి. మన దేశంలో ఎక్కడ చూసినా దొరికేవి డ్రోన్ల కోసం వచ్చిన మెత్తటి ప్యాక్‌లు, ముఖ్యంగా 3ఎస్ 2200 ఎంఏహెచ్ సైజు. ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల వల్ల వాటికి గిరాకీ ఎక్కువ, ధర తక్కువ. వాటిని కారులో వాడకూడదని ఏమీ లేదు, కానీ ఎగిరిపడే రాళ్లకు, పల్టీలకు రేకు సంచి చిల్లులు పడే ప్రమాదం ఉంది. బ్యాటరీ గది అన్ని వైపులా మూసి ఉండే కారు అయితేనే మెత్తటి ప్యాక్ గురించి ఆలోచించాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్

1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో అక్షయ పాఢి, నంజుండస్వామి, జాన్ గూడెనఫ్ తదితరులు వెలువరించిన పరిశోధనతో ఈ రకం వెలుగులోకి వచ్చింది. సెల్లుకు 3.2 వోల్టులు, 2ఎస్ ప్యాక్ 6.4 నుంచి 6.6 వోల్టులు. ఆయుష్షు లైపోకు కొన్ని రెట్లు, నిప్పంటుకునే భయం బాగా తక్కువ. ఆ వోల్టేజి కారును కొంచెం మందంగా నడిపిస్తుంది. ద్రవ ఇంధనంతో నడిచే నైట్రో కార్లలో రిసీవర్‌కు, సర్వోలకు మాత్రం ఇది చక్కగా కుదురుతుంది.

స్థూపాకార లిథియం సెల్లు

18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 సెల్లు పాత ల్యాప్‌టాప్‌లలో, పవర్ బ్యాంకుల్లో ఉంటుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్, ఢిల్లీ లజపత్ రాయ్ మార్కెట్ లాంటి చోట్ల విడిగా దొరుకుతుంది. దానితో సొంతంగా ప్యాక్ కట్టుకుంటే చౌక అని చాలామంది చెబుతారు. ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది నకిలీ అంకెలు. 9900 ఎంఏహెచ్ అని అచ్చేసిన సెల్లు తళతళలాడుతూ కనిపిస్తాయి. పేరున్న తయారీదారుల మామూలు 18650 సెల్లు 3500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది. ఈ సైజులో దానికి మూడింతలు చెబుతున్నవన్నీ అబద్ధాలే. అసలు సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. వంటింటి డిజిటల్ త్రాసులో వేసినప్పుడు 30 గ్రాములే చూపిస్తే అక్కడే వదిలేసి రావాలి. రెండోది కరెంటు. ల్యాప్‌టాప్ కోసం చేసిన సెల్లు ఐదారు ఆంపియర్లకు మించి ఇస్తే వేడెక్కుతుంది, కారు మోటారు పికప్ తీసుకునే క్షణంలో అడిగేది అంతకు చాలా ఎక్కువ. ఇలాంటి పనికి శామ్‌సంగ్ 25ఆర్ వంటి, 20 ఆంపియర్లు ఇచ్చే ప్రత్యేక సెల్లు కావాలి. వాటి ధర, నికెల్ పట్టీలు, స్పాట్ వెల్డింగ్ అన్నీ కలిపితే సిద్ధంగా ఉన్న లైపో ప్యాక్ కంటే ఆదా మిగలదు. సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి లోపలి భాగాలు దెబ్బతింటాయి.

కనెక్టర్లు, కొలతలు

కొత్త బ్యాటరీ వచ్చాక కారుకు తగలకపోవడం తరచూ ఎదురయ్యే నిరాశ. తెల్లటి ప్లాస్టిక్ తమియా కనెక్టర్ పాత నికెల్ ప్యాక్‌లతో వస్తుంది. 15 ఆంపియర్లు దాటే కార్లలో అది వేడెక్కి కరిగిపోతుంది. డీన్స్ అని పిలిచే టీ ఆకారపు ప్లగ్, పసుపుపచ్చ ఎక్స్‌టీ60, నీలిరంగు ఈసీ3, ట్రాక్సస్ సొంత కనెక్టర్ అన్నీ చలామణిలో ఉన్నాయి. కారు, బ్యాటరీలు, ఛార్జర్ తీగ మూడింటికీ ఒకే రకం ఎంచుకుని అన్నీ దానికే మార్చుకోవడం మేలు. ఎక్స్‌టీ60 చౌక, దృఢం, డ్రోన్ల పుణ్యమా అని ప్రతి ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనూ దొరుకుతుంది. మధ్యలో అడాప్టర్లు తగిలించుకుంటూ పోతే ప్రతి జాయింటు దగ్గరా కొంత వోల్టేజి పోతుంది. కనెక్టర్ మార్చేటప్పుడు బ్యాటరీ తీగలను ఒకదాని తర్వాత ఒకటి కోయాలి. రెండూ కలిపి కత్తిరిస్తే షార్ట్ అయి కత్తెర మొన కరిగిపోతుంది.

కొలతల్లో పదో వంతు కార్లకు సుమారు 138 మిల్లీమీటర్ల పొడవు, 47 వెడల్పు, 25 ఎత్తు ఉన్న హార్డ్ కేస్ ప్రామాణికం. కొన్ని తమియా చాసిస్‌ల బ్యాటరీ గది పాత గుండ్రటి సెల్ల ఆకారంలోనే ఉంటుంది, చదరపు పెట్టె అందులో పట్టదు. అంచులు గుండ్రంగా ఉన్న ప్యాక్ అడిగి తీసుకోవాలి. కొనేముందు స్కేలుతో గదిని కొలుచుకోవడం రెండు నిమిషాల పని.

ఛార్జర్

కారుతో పాటు డబ్బాలో వచ్చే ఛార్జర్ ఎక్కువ సందర్భాల్లో అత్యంత బలహీనమైన వస్తువు. నికెల్ ప్యాక్‌లతో వచ్చే గోడ ప్లగ్ రకం 250 మిల్లీ ఆంపియర్ల చొప్పున పోస్తుంది. 3000 ఎంఏహెచ్ ప్యాక్ నిండడానికి పదిహేను గంటలకు పైగా పడుతుంది, నిండాక ఆగే తెలివి చాలావాటికి ఉండదు. మర్చిపోతే మర్నాటికీ పోస్తూనే ఉంటుంది. సెల్లు వేడెక్కి లోపలి ద్రవం ఎండిపోతుంది. నాలుగు నెలలకే బ్యాటరీ పాడైందని వాపోయే తల్లిదండ్రుల ఇళ్లలో తప్పు ఎక్కువగా ఈ ఛార్జర్‌దే.

యూఎస్‌బీ తీగ రూపంలో వచ్చే లిథియం ఛార్జర్లు కొంత నయం. చివర మూడు పిన్నుల తెల్ల కనెక్టర్ ఉంటే అది 2ఎస్ ప్యాక్ కోసం. 1500 ఎంఏహెచ్ ప్యాక్‌కు రెండు మూడు గంటలు తీసుకుంటాయి. నాణ్యత తయారీని బట్టి మారిపోతుంది కాబట్టి ఛార్జింగ్ అయ్యాక మల్టీమీటర్‌తో ఒక్కో సెల్లును కొలిచి చూడాలి. రెండూ 4.15 నుంచి 4.2 వోల్టుల మధ్య, దగ్గరదగ్గరగా ఉంటే ఆ తీగను నమ్మవచ్చు. 4.25 చూపిస్తే పారేయాలి.

అన్నిటికంటే చవకగా దొరికే నిఖార్సైన లైపో ఛార్జర్ ఐమాక్స్ బీ3 తరహా చిన్న పెట్టె. నేరుగా ఇంటి కరెంటుకు తగిలించి, బ్యాటరీ బ్యాలెన్స్ తీగను అందులో పెడితే ఒక్కో సెల్లును విడివిడిగా నింపుతుంది. మీటలు లేవు, పొరపాటుకు తావు తక్కువ. గంటకు 800 ఎంఏహెచ్ దాకానే పోస్తుంది కాబట్టి 1500 ఎంఏహెచ్ ప్యాక్‌కు బాగానే సరిపోతుంది, 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కు ఆరేడు గంటలు కూర్చోవాలి. చిన్న కారు ఒక్కటే ఉన్నవారికి ఇది చాలు. నికెల్ ప్యాక్‌లకు మాత్రం పనికిరాదు.

కారు మీద నిజంగా ఆసక్తి ఉన్నవారు మైక్రోప్రాసెసర్ ఉన్న బ్యాలెన్స్ ఛార్జర్ కొనాలి. స్కైఆర్‌సీ సంస్థ ఐమాక్స్ బీ6 ఈ తరగతికి మూలపురుషుడిలా నిలిచింది. ఒకటి నుంచి ఆరు సెల్ల లిథియం, పదిహేను దాకా నికెల్ సెల్లు, లెడ్ యాసిడ్, అన్నిటినీ ఇది ఛార్జి చేస్తుంది. 5 ఆంపియర్లు, 50 వాట్లు దీని హద్దు. చూపుకు అచ్చం అలాగే ఉండే నకళ్లు మార్కెట్ నిండా ఉన్నాయి. వాటిలో కొన్ని వోల్టేజిని తప్పుగా కొలుస్తాయి, 4.2 అని చూపిస్తూ 4.24 దాకా పోస్తాయి. అసలుదానికి హోలోగ్రామ్ స్టిక్కర్ ఉంటుంది. ఏదైనా సరే, కొన్న రోజునే మల్టీమీటర్‌తో సరిచూడటం అలవాటు చేసుకోవాలి. ఐఎస్‌డీటీ, టూల్‌కిట్‌ఆర్‌సీ, హోటా వంటి తర్వాతి తరం పేర్లు చిన్న పెట్టెలో ఇంకా ఎక్కువ శక్తిని ఇస్తున్నాయి.

వాట్ల లెక్క ఇలా ఉంటుంది. లైపోను 1సి దగ్గర, అంటే 5000 ఎంఏహెచ్ అయితే 5 ఆంపియర్ల దగ్గర, ఛార్జి చేయడం భద్రమైన పద్ధతి. 2ఎస్ ప్యాక్‌కు 8.4 వోల్టులను 5తో గుణిస్తే 42 వాట్లు, 50 వాట్ల ఛార్జర్ సరిపోతుంది. 3ఎస్ అయితే 63 వాట్లు కావాలి. 50 వాట్ల ఛార్జర్ దగ్గర అది 4 ఆంపియర్లకే పరిమితమవుతుంది, పది పదిహేను నిమిషాలు ఆలస్యమవుతుంది అంతే. అందుకోసం రెట్టింపు ధర పెట్టనక్కరలేదు.

నికెల్ ప్యాక్ నిండిందని ఛార్జర్ గుర్తుపట్టే తీరు వేరు. నిండిన క్షణంలో వోల్టేజి కొన్ని మిల్లీ వోల్టులు వెనక్కి తగ్గుతుంది, దాన్ని పసిగట్టి ఆపుతుంది. కరెంటు మరీ తక్కువ పెడితే ఆ తగ్గుదల కనిపించదు, ఛార్జర్ ఆగదు. నెమ్మదిగా పోస్తే మంచిదనే నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది. 3000 ఎంఏహెచ్ నికెల్ ప్యాక్‌కు 1.5 నుంచి 3 ఆంపియర్ల మధ్య పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. లైపో ప్యాక్‌ను నికెల్ మోడ్‌లో ఎప్పుడూ ఛార్జి చేయకూడదు. ఆ మోడ్‌లో 4.2 వోల్టుల హద్దు ఉండదు, కాబట్టి మంటలు వచ్చేదాకా పోస్తూనే ఉంటుంది. మీట నొక్కే ముందు తెర మీద బ్యాటరీ రకం, సెల్ల సంఖ్య, కరెంటు మూడూ చదవాలి.

డబ్బు కోణంలో ఒక ఉదాహరణ. 2,000 రూపాయల లైపో ప్యాక్ మంచి ఛార్జర్ మీద 200 సార్లు నడిచిందనుకుందాం. ఒక్కో ఆటకు పది రూపాయలు పడింది. సెల్లను సరిచూడని ఛార్జర్ వల్ల అదే ప్యాక్ 60 సార్లకే ఉబ్బిపోతే ఒక్కో ఆట 33 రూపాయలు. రెండో బ్యాటరీ కొనేసరికి మంచి ఛార్జర్ ధర ఖర్చయిపోయి ఉంటుంది. పైగా మంచి ఛార్జర్ ఆ తర్వాత కొనే ప్రతి కారుకూ పనికొస్తుంది.

ఛార్జర్‌కు కరెంటు

బీ6 తరగతి ఛార్జర్లలో కొన్ని నేరుగా 230 వోల్టులకు తగులుతాయి, కొన్నిటికి 12 వోల్టుల డీసీ కావాలి. రెండో రకం చౌక. దానికి ఎల్‌ఈడీ పట్టీల కోసం ఎలక్ట్రికల్ దుకాణాల్లో అమ్మే 12 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది. 50 వాట్ల ఛార్జర్ నష్టాలతో కలిపి లాగేది 5 ఆంపియర్లే. ఈ పెట్టెలకు స్క్రూ టెర్మినళ్లు బయటికే ఉంటాయి, 230 వోల్టుల తీగలు అక్కడే తగులుతాయి. పిల్లలున్న ఇంట్లో వాటిని మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఎర్తు కలిపే వాడాలి. మైదానంలో మనం ప్రయాణించే పెద్ద కారు బ్యాటరీ నుంచి కూడా ఛార్జి చేసుకోవచ్చు.

కొనుగోలు, రవాణా

లిథియం ప్యాక్‌లు ఎక్కువగా రోడ్డు మార్గంలోనే వస్తాయి కాబట్టి ఆన్‌లైన్‌లో కొంటే రోజులు ఎక్కువ పడతాయి. చేతికి రాగానే సెల్ల వోల్టేజి కొలవాలి. తయారీదారులు సగం ఛార్జితో, 3.8 వోల్టుల దగ్గర పంపుతారు. 3 వోల్టుల లోపు ఉన్నా, రెండు సెల్ల మధ్య 0.1 వోల్టుకు మించి తేడా ఉన్నా, పెట్టె ఉబ్బినట్టున్నా తిప్పి పంపాలి. చేత్తో మోసే పరికరాల లిథియం, నికెల్ బ్యాటరీలకు భారత్‌లో ఐఎస్ 16046 ప్రమాణం కింద నమోదు తప్పనిసరి. ఆ గుర్తు ఉన్న ప్యాక్ దొరికితే అదే తీసుకోవడం మంచిది.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునే అలవాటు తెలుగు కుటుంబాల్లో ఉన్నదే. అక్కడి ఛార్జర్ 120 వోల్టులకే తయారైనదైతే ఇక్కడి 230 వోల్టులకు పెట్టగానే పోతుంది. 100–240 అని రాసి ఉన్నదే తెమ్మనాలి. విమానంలో విడి లిథియం బ్యాటరీలను చెక్ ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తేవాలి. టెర్మినళ్లకు టేపు చుట్టి ఉండాలి. 100 వాట్ అవర్ల లోపు ప్యాక్‌కు ముందస్తు అనుమతి అక్కరలేదు, కారు ప్యాక్‌లు దాదాపు అన్నీ ఆ హద్దులోనే ఉంటాయి.

ఎండ, చలి, నిల్వ

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అలాంటి ఎండలో ఆపి ఉంచిన పెద్ద కారు లోపల బ్యాటరీ వదిలేస్తే దాని ఆయుష్షు వేగంగా కరుగుతుంది. ఆట తర్వాత ప్యాక్ 60 డిగ్రీలకు చేరితే హద్దు దాటినట్టు. అంటే చేత్తో పట్టుకుని ఉంచలేనంత వేడి. మోటారు మీది పళ్లచక్రం చిన్నది వేసి గేరింగ్ తగ్గించాలి లేదా ఆట సమయం తగ్గించాలి. వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు, అరగంట ఆగాలి. షికాగో, న్యూజెర్సీ చలికాలంలో నడిపేవారి కష్టం దీనికి ఎదురు. చలిలో లైపో సరిగా కరెంటు ఇవ్వలేదు. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది.

వారానికి మించి వాడనప్పుడు లైపోను సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. బీ6 తరగతి ఛార్జర్లలో ఇందుకు స్టోరేజి మోడ్ ఉంటుంది. పరీక్షల కాలంలో నిండుగా ఛార్జి చేసి బీరువాలో పెట్టి మర్చిపోయిన ప్యాక్ వేసవి సెలవులకు ఉబ్బి కనిపించడం చాలా ఇళ్లలో జరిగేదే. నికెల్ ప్యాక్‌కు ఈ బెడద లేదు.

నిప్పు భయం

లైపో అంటుకుంటే సెకన్లలో పెద్ద మంట, విషపు పొగ వస్తాయి. ఛార్జింగ్ ఎప్పుడూ మనిషి ఎదుట, గచ్చు మీద లేదా పింగాణీ టైలు మీద చేయాలి. మంచం, సోఫా, చెక్క బల్ల వద్దు. రాత్రి నిద్రపోతూ పెట్టకూడదు. లైపో సంచి అని అమ్మేది మంటను పూర్తిగా ఆపలేదు, కొంత అడ్డుకుంటుంది. అంటుకుంటే ఎక్కువ నీళ్లు పోసి చల్లబరచాలి, ముందు కరెంటు తీసేయాలి. కారు గుద్దుకుని ప్యాక్ నొక్కుకుపోతే వెంటనే లోపలికి తేకుండా ఆరుబయట ఇసుక మీద గంటసేపైనా ఉంచాలి.

పాత బ్యాటరీ

ఉబ్బిన ప్యాక్‌ను సూదితో గుచ్చి గాలి తీసే ప్రయత్నం చేయకూడదు. దాన్ని ఆరుబయట, ఆటో హెడ్‌లైట్‌లో వేసే 12 వోల్టుల బల్బుకు కలిపి వెలుగు పూర్తిగా ఆరిపోయేదాకా వదిలేయాలి. తర్వాత తీగలను ఒక్కోటిగా టేపుతో చుట్టాలి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, దాన్ని సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. నగరాల్లో ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రాలు వీటిని తీసుకుంటాయి. చిన్న ఊళ్లలో అలాంటి కేంద్రం లేకపోతే, ఇసుక నింపిన రేకు డబ్బాలో దాచి ఉంచి నగరానికి వెళ్లినప్పుడు ఇచ్చి రావచ్చు. పాత ఇనుము కొనేవాడికి ఇవ్వకూడదు. అతని బండిలో మిగతా లోహాల మధ్య నలిగి అంటుకునే ప్రమాదం ఉంది.